చావింట నరకం మాట ఎత్తవద్దు

శ్రీకాకుళం జిల్లా హరిశ్చంద్రపురం అనగానే కొందరికి రైలు స్టేషను గుర్తొస్తుంది. కొందరికి ఇచ్చిన మాట కోసం కాటికాపరి అయిన రాజు గుర్తొస్తాడు. ఆ చుట్టుపక్కల, ఇటు కోటబొమ్మాళి, టెక్కలి, అటు పలాస, అక్కణ్ణుంచి ఉద్దానం తీరం పొడుగునా, చావు కబురు అందితే పెద్దవాళ్ళు చేతిలో పని ఆపి వెళ్ళాల్సిందే. బడిపంతులుగా ఉన్నప్పుడూ, ఆ తర్వాత బాప్టిస్టు సంఘ పెద్దగానూ నేను అలాగే వెళ్తూ వచ్చాను. కిడ్నీ జబ్బు ఈ పల్లెల్ని పట్టుకున్నాక అలా వెళ్ళాల్సిన రోజులు మరీ పెరిగాయి. ఆ ఇళ్ళలో తల్లులు అడిగే ప్రశ్న ఒకటే: "మీరైనా సెప్పండి బాబూ, నా కొడుకు ఏటైపోనాడు? ఇప్పుడెక్కడున్నాడు?"

దానికి జవాబు వెతుక్కుంటూ మన బైబిలుతోపాటు యూదుల పుస్తకాలు కూడా చదివాను. తెలుసుకున్నదీ, చావిళ్ళలో చూసి నేర్చుకున్నదీ యువ పాస్టర్ల కోసం, సండేస్కూలు టీచర్ల కోసం రాస్తున్నాను.

1. ఎవరి నమ్మకం వాళ్ళ నోటే వినాలి.

మన కూటాల్లో యూదుల గురించి రెండు మాటలు తరచు వినిపిస్తాయి. యూదులకు నరకమే లేదనేది ఒకటి. పాత నిబంధన ఇద్దరిదీ కనుక నరకం విషయంలో వాళ్ళూ మనలాగే నమ్ముతారనేది రెండోది. రెండూ నిజం కావు. పాత నిబంధనలో చనిపోయినవాళ్ళు దిగిపోయే పాతాళం ఉంది. అక్కడికి మంచివాడూ పోతాడు, చెడ్డవాడూ పోతాడు. యోసేపు చనిపోయాడనుకున్న యాకోబు, తానూ ఏడుస్తూ కొడుకు దగ్గరికి అక్కడికే దిగిపోతానన్నాడు. ప్రసంగి అయితే చచ్చినవాళ్ళకు ఏమీ తెలియదనేశాడు. చనిపోయినవాళ్ళు లేస్తారనీ, కొందరు నిత్యజీవానికీ కొందరు నిత్యమైన నిందకూ లేస్తారనీ తేటగా చెప్పింది దానియేలు గ్రంథం పన్నెండో అధ్యాయం.

యేసు కాలానికి యూదుల్లోనే దీనిమీద రెండు పక్షాలున్నాయి. పునరుత్థానం లేదని సద్దూకయ్యులు, ఉందని పరిసయ్యులు. ఈ విషయంలో యేసూ, పౌలూ పరిసయ్యుల వైపే నిలబడ్డారు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని పడగొట్టాక సద్దూకయ్యులు కనుమరుగయ్యారు. పరిసయ్యుల దారిలో వచ్చిన రబ్బీలే యూదమతాన్ని నిలబెట్టారు. సుమారు 200లో కూర్చిన మిష్నా అనే రబ్బీల బోధల సంకలనం, ధర్మశాస్త్రంలో పునరుత్థానం లేదనేవాడికి రాబోయే లోకంలో పాలు లేదని తేల్చింది. పరిసయ్యులను తిట్టనిదే ప్రసంగం ముగించలేని మనవాళ్ళు ఒక్క క్షణం ఆగి ఈ సంగతి ఆలోచించాలి. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర నిలబడి మనం చెప్పుకునే ఆశను మనకన్నా ముందు గట్టిగా పట్టుకున్నది వాళ్ళే.

2. నరకాగ్ని కథ మనుషులు పెట్టిన మంటతో మొదలైంది.

సువార్తల్లో యేసు గెహెన్నా అన్నది ఊహలో పుట్టిన చోటు పేరు కాదు. యెరూషలేముకు దక్షిణాన హిన్నోము లోయ ఉంది, ఈనాటికీ ఉంది. అక్కడ తోఫెతు అనే చోట తల్లిదండ్రులే తమ పిల్లల్ని మొలెకు దేవతకు మంటల్లో అర్పించారు. యిర్మీయా ఆ పనిని శపించాడు. యోషీయా రాజు ఆ స్థలాన్ని అపవిత్రం చేసి ఇక ఎవరూ వాడకుండా చేశాడు. రాజు ఆపేసినా ఆ లోయ పేరు జనం గుండెల్లో మండుతూనే ఉంది. అదే తర్వాతి కాలంలో దుష్టుల శిక్షకు పేరైంది.

ఆ లోయ యెరూషలేము చెత్తకుప్ప అనీ, రాత్రింబగళ్ళు చెత్త తగలబెట్టేవారనీ మన ప్రసంగీకులు చాలామంది చెబుతారు. ఆ మాట రాతలో మొదట కనిపించేది 1200 ప్రాంతంలో, ఫ్రాన్సు దక్షిణ భాగంలో ఉన్న రబ్బీ దావీదు కిమ్హీ వ్యాఖ్యానంలో. యేసు కాలం నాటి ఏ రాతా ఆ సంగతి చెప్పదు. తవ్వకాల్లోనూ అందుకు గట్టి ఆధారం దొరకలేదు. చెత్త కథ చెబితే వినేవాడికి దుర్వాసన గుర్తుంటుంది. పిల్లల్ని కాల్చిన కథ చెబితే, తన ఇంట్లో పిల్లల్ని తాను ఎలా చూస్తున్నాడో గుర్తొస్తుంది. నేను సండేస్కూల్లో రెండోదే చెబుతాను.

3. పన్నెండు నెలల లెక్క తెలుసుకోవాలి.

యూదులకూ మనకూ అసలు తేడా ఇక్కడుంది. రెండో శతాబ్దపు రబ్బీ అకీవా, గెహిన్నోములో (గెహెన్నాను హీబ్రూలో అలా అంటారు) దుష్టుల శిక్ష పన్నెండు నెలలని చెప్పాడు. అంత కూడా ఉండదు, పస్కా నుంచి వారాల పండుగ దాకా ఎంత కాలమో అంతేనని రబ్బీ యోహానాను బెన్ నూరీ అన్నాడు. అంటే ఏడు వారాలు. ఇద్దరి మాటా మిష్నా పక్కపక్కనే దాచింది. ఒకరిని గెలిపించి ఇంకొకరిని చెరిపెయ్యలేదు.

అంతకు ముందు తరంలో షమ్మాయి, హిల్లేలు అనే ఇద్దరు గురువుల శిష్య వర్గాలు కూడా దీనిమీద వాదించుకున్నాయి. పూర్తిగా మంచివాళ్ళ సంగతిలోనూ, పూర్తిగా చెడ్డవాళ్ళ సంగతిలోనూ ఇద్దరికీ పేచీ లేదు. మనలాంటి మధ్యవాళ్ళ సంగతేమిటి? వాళ్ళు దిగి, మొరపెట్టుకుని, పైకొస్తారని షమ్మాయి వర్గం అంది. దయగల దేవుడు తక్కెడను దయవైపే మొగ్గిస్తాడని హిల్లేలు వర్గం అంది. విశ్రాంతి దినాన గెహిన్నోము మంటలకూ విశ్రాంతేనని రబ్బీల సంప్రదాయం. అలాగని అందరూ బయటపడతారని, మిష్నా మీద రబ్బీల చర్చలను కూర్చిన తాల్ముదు చెప్పదు. ద్రోహులకూ, జనాన్ని పాపంలోకి నడిపినవాళ్ళకూ తరతరాల శిక్ష ఉందంటుంది. ఆధునిక యూదుల్లో ఇంకా వేరే దారులున్నాయి. 1885లో అమెరికాలోని పిట్స్‌బర్గులో సంస్కరణవాద (రిఫారం) రబ్బీలు సమావేశమై, నిత్య శిక్షాస్థలంగా గెహెన్నా మీద నమ్మకం యూదమతానికి చెందదని తీర్మానించారు.

మన వైపు చూడండి. అలెగ్జాండ్రియాలో మూడో శతాబ్దపు ఓరిగెను, చివరికి సమస్తం దేవుని దగ్గరికి తిరిగొస్తుందని ఆశపడ్డాడు. ఐదో శతాబ్దంలో అగస్టీను శిక్ష నిత్యమేనని గట్టిగా వాదించాడు. పడమటి క్రైస్తవం ఆయన వెంట నడిచింది. కేథలిక్కులు శుద్ధి చేసే ఉత్తరించు స్థలాన్ని 1439లో ఫ్లోరెన్సు మహాసభలోనూ, 1563లో ట్రెంటు మహాసభలోనూ సిద్ధాంతంగా స్థిరపరిచారు. ప్రొటెస్టెంట్లు దాన్ని తోసేశారు. సెవెన్త్ డే అడ్వెంటిస్టులు, చనిపోయినవాళ్ళు లేపే దాకా నిద్రలో ఉంటారనీ, దుష్టులు చివరికి కాలి లేకుండా పోతారే తప్ప ఎల్లకాలం కాలుతూ ఉండరనీ నమ్ముతారు. ఇన్ని దారుల్లో మన బాప్టిస్టులది ఒకటి. కెనడా మిషనరీలు శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, పాలకొండ ప్రాంతాలకు తెచ్చింది దాన్నే. అది నా విశ్వాసం, నేను దాచను. బైబిలంతా చదివి, దేవునికి భయపడి, ఇంకో మాట చెప్పిన క్రైస్తవులూ ఉన్నారని తెలియకుండా ఎవరూ ప్రసంగ వేదిక ఎక్కకూడదని మాత్రం నా గట్టి అభిప్రాయం.

4. మన నాయనమ్మలు ఊహించుకున్న నరకం వేరు.

ఈ పల్లెల్లో ఎన్నో క్రైస్తవ కుటుంబాలకు మొన్నమొన్నటి దాకా యముడూ, చిత్రగుప్తుడూ, వైతరణీ తెలుసు. భాగవతం ఐదో స్కంధంలో ఇరవై ఎనిమిది నరకాలున్నాయి. వాటిలో శిక్షలు ఘోరమైనవే, కానీ ఎవరూ అక్కడే శాశ్వతంగా ఉండిపోరు. పాపం అనుభవించి మళ్ళీ పుడతారు. చనిపోయినవాడు యమపురి చేరడానికి ఏడాది పడుతుందని గరుడ పురాణం చెబుతుంది. అందుకే మాసికాలు, సంవత్సరీకం. మన ఊళ్ళ సంవత్సరీకపు లెక్కా, రబ్బీ అకీవా పన్నెండు నెలల లెక్కా పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. ఒకరికొకరు ఎంతో దూరంలో ఉన్నా, మనిషి దుఃఖానికి ఒక ఏడు కావాలని ఇద్దరికీ తోచింది.

కాబట్టి కొత్తగా నమ్మిన ఇంటి ముసలమ్మ ముందు నరకం అంటే, జైల్లో పెట్టి విడిచిపెట్టే చోటే ఆమె కళ్ళముందు మెదులుతుంది. పాస్టరు చెప్పేది తలుపు లేని చోటు. ఆ తేడా ఆమెకు అర్థమైన రోజున ఆమె పడే బాధను మోసే ఓపిక ఉంటేనే ఆ మాట ఎత్తాలి.

5. కద్దీషు నుంచి మనం నేర్చుకోవచ్చు.

తల్లో తండ్రో పోతే యూదులు కద్దీషు అనే ప్రార్థన చెబుతారు. అరమాయికు భాషలో ఉంటుంది, కనీసం పదిమంది కూడాలి. అందులో చావు మాట లేదు, పోయినవాళ్ళ పేరు లేదు, నరకం లేదు. ఉన్నది ముఖ్యంగా దేవుని నామానికి స్తోత్రం. గుండె పగిలిన మనిషి పదిమంది మధ్య లేచి నిలబడి దేవుణ్ణి స్తుతిస్తాడు. ఆ పదిమంది ఆమేన్ అంటారు. దాన్ని పదకొండు నెలలు చెబుతారు. పన్నెండెందుకు కాదో పదహారో శతాబ్దంలో క్రాకోవ్ నగరపు రబ్బీ మోషే ఇస్సెర్లెస్ రాశాడు. పన్నెండు నెలలూ చెబితే తన తండ్రి దుష్టుడని, పూర్తి శిక్షకు తగినవాడని కొడుకే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని ఒక నెల ముందే ఆపుతారు.

ఈ ఆచారం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తీర్పు ఉందని నమ్ముతూనే, తండ్రి గౌరవం ఒక నెల మేర కూడా తగ్గకుండా కాపాడే మతం అది. మనం చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యం. చెయ్యనవసరం లేదు కూడా. కానీ మన ఆదరణ కూడికలోనూ, ఏడాది జ్ఞాపకార్థ కూడికలోనూ పోయినవాడి తప్పుల్ని ఉదాహరణగా చెప్పి బతికున్నవాళ్ళను భయపెట్టే పద్ధతిని మాత్రం ఈ ఆచారం ముందు పెట్టి చూసుకోవాలి. తాగుడుతో పోయిన మనిషి పెళ్ళాంపిల్లల ముందు, అతనెక్కడికి పోయుంటాడో మీరే ఊహించుకోండి అని ఒక బోధకుడు అనగా నేను విన్నాను. ఆ పిల్లవాడు తలెత్తలేదు. ఆ ఏడాది వాడు బడికి సరిగా రాలేదు.

6. పైకి రానివాళ్ళ జాబితాను జాగ్రత్తగా చదవాలి.

గెహిన్నోములోకి దిగినవాళ్ళంతా పైకొస్తారు, ముగ్గురు తప్ప అని తాల్ముదులో ఒక మాట ఉంది. పరుని భార్యతో పాపం చేసినవాడు ఒకడు. నలుగురిలో తోటివాణ్ణి సిగ్గుపరిచి మొహం పాలిపోయేలా చేసినవాడు రెండోవాడు. తోటివాణ్ణి అవమానించే పేరుతో పిలిచినవాడు మూడోవాడు. మొదటిదాన్ని ఎవరైనా ఊహిస్తారు. రెండో, మూడో చూడండి. కులం పేరు పెట్టి పిలవడం, ఒరే అనడం, గ్లాసు వేరుగా పెట్టడం మా పేటలవాళ్ళకు కథలు కావు. మా తాతలు మిషను కాంపౌండులోకి నడిచివెళ్ళడానికి మోక్షం ఎంత కారణమో, పేరుపెట్టి, 'గారు' అని పిలిపించుకోవాలన్న ఆకలి కూడా అంత కారణం.

ఇదే ఆకలి గుంటూరు జిల్లాలో ఇంకో దారి తొక్కింది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మాదిగ కుటుంబాలు కొన్ని తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుని యూదమతం ఆచరిస్తున్నాయి. బెనె ఎఫ్రాయిము అని పేరు. వారిలో చాలామంది బాప్టిస్టు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళే. యాకోబీ సోదరులు ష్మూయేలు, సాదోకు వాళ్ళను నడిపించారు. 1990ల మొదట్లో అక్కడ సమాజమందిరం వెలిసింది. విశ్రాంతి దినం, పస్కా, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు. ఇశ్రాయేలు దేశం వాళ్ళను యూదులుగా గుర్తించలేదు. యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వాళ్ళ మీద 2013లో ఇంగ్లీషులో పుస్తకమే రాశారు. వాళ్ళ వంశావళి సంగతి చరిత్రకారులు తేలుస్తారు. నా మనసును పట్టింది ఇంకొకటి. ఆ ఊళ్ళో అన్న సమాజమందిరానికి పోతే, చిన్నాన్న బాప్టిస్టు చర్చికి పోయే కుటుంబాలున్నాయి. రేపు ఒకరు పోతే ఇంకొకరు పాడె మొయ్యాలి. ఆ రోజున ఎవరు ఎవరి నరకాన్ని ఎవరికి చెబుతారు?

7. తాగే నీళ్ళ సంగతి తీర్పులో ఉంది.

నరకం గురించి యేసు చెప్పిన కథల్లో రెండింట నీళ్ళున్నాయి. లూకాలో ధనవంతుడు వేలికొన తడిపే ఒక్క చుక్క అడుగుతాడు. గుమ్మం దగ్గర పుండ్లతో పడున్న లాజరును బతికినన్నాళ్ళూ చూడనివాడు అతను. మత్తయి ఇరవై అయిదులో రాజు అడిగేది నువ్వు ఏ సంఘమని కాదు. ఆకలైనవాడికి అన్నం, దాహమైనవాడికి నీళ్ళు, రోగికి పరామర్శ దొరికాయా అనే అడుగుతాడు.

ఉద్దానంలో ఈ వాక్యభాగం చదవడం తేలిక కాదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు కిడ్నీ జబ్బుకు అసలు కారణం శాస్త్రజ్ఞులకు ఇంకా తేలలేదు. భూగర్భ జలాల మీద అనుమానం మాత్రం జనంలో పాతుకుపోయింది. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఇన్నేళ్ళు ఆగవలసి రావడమే ఒక తీర్పు. ఇలాంటి చోట డయాలసిస్ చేయించుకుంటున్న మనిషితో, ఇది నీ పాపానికి శిక్ష అని చెప్పేవాళ్ళున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటల్ని నేలమట్టం చేసినప్పుడు కూడా ఇదే మాట విన్నాను. సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు, వాళ్ళు మిగతావాళ్ళకన్నా పాపులనుకుంటున్నారా అని యేసు నిలదీశాడు. లూకాలో ఆ మాటలున్న అధ్యాయం చదవనివాడు రోగి మంచం దగ్గరికి వెళ్ళకూడదు.

8. బాప్తిస్మం లేకుండా పోయిన తాతల కోసం తలుపు మూయవద్దు.

మొదటి తరం విశ్వాసుల గుండెల్లో ఉండే ముల్లు ఇది. నేను పరలోకానికి వెళ్తే నన్ను పెంచిన తాత ఎక్కడుంటాడు? ఇశ్రాయేలీయులు కానివాళ్ళలోని నీతిమంతులకూ రాబోయే లోకంలో పాలుందని రబ్బీ యెహోషువ చెప్పాడు. యూదమతంలో ఆ మాటే నిలిచింది. ధర్మశాస్త్రం లేని అన్యులకు దాని పని హృదయాల్లోనే రాసి ఉంటుందని పౌలు రోమీయులకు రాశాడు. సువార్త తెలియకుండానే మనస్సాక్షి ప్రకారం నడిచినవాళ్ళకు రక్షణ దొరకవచ్చని కేథలిక్కులు 1964లో రెండో వాటికన్ మహాసభలో చెప్పారు. మన సంఘాల్లో అంత దూరం వెళ్ళనివాళ్ళే ఎక్కువ. నేను అడిగినవాళ్ళతో అనే మాట ఇది: "మీ తాతను నువ్వు ప్రేమించావు కదా. ఆయన్ను చేసినవాడు నీకన్నా తక్కువ ప్రేమించడు. తీర్పు ఆయన చేతిలో ఉంది, నా చేతిలో లేదు." ఇంతకు మించి నాకు అధికారం లేదు. ఇంతకన్నా తక్కువ చెబితే నా మనసు ఒప్పుకోదు.

9. గుడ్డ, తిండి, మౌనం.

పూర్వం యూదుల్లో అంత్యక్రియల ఖర్చు చావుకన్నా బరువై, బంధువులు శవాన్ని వదిలి పారిపోయేవారట. పెద్దమనిషి రబ్బాన్ గమలియేలు తనను మామూలు నారబట్టలోనే తీసుకెళ్ళమన్నాడు. అప్పట్నుంచి ధనికుడికీ పేదకూ ఒకే తెల్లగుడ్డ. సంతాపం ఉన్న ఇంటికి ధనికులు వెండి బంగారు బుట్టల్లో తిండి తెస్తే పేదలు సిగ్గుపడుతున్నారని అందరూ వెదురులాంటి మామూలు బుట్టల్లోనే తేవాలని నియమం పెట్టారు. ఆసుపత్రి అప్పుతోనే మునిగిన ఇంట్లో శవపేటికకూ, టెంటుకూ, మైకుకూ, భోజనాలకూ ఇంకో అప్పు చేయిస్తున్న సంఘాలు ఇది చదవాలి.

ఇంకో నియమం ఉంది. సంతాపంలో ఉన్నవాళ్ళు నోరు తెరిచే దాకా పరామర్శకు వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు. యోబు స్నేహితులు ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ నేలమీద ఊరికే కూర్చున్నారు. అంతవరకే వాళ్ళు సరైన పని చేశారు. నోరు తెరిచి, నీ పాపమే కారణమని మొదలుపెట్టాక దేవుడే వాళ్ళమీద కోప్పడ్డాడు.

పాస్టరు బాబులారా, నరకం గురించి బోధించడం మానమని నేను అడగడం లేదు. ఆదివారం ఆరాధనలో, బతికున్నవాళ్ళకు, ముందు మనల్నే నిలబెట్టుకుని చెప్పండి. నలుగురిలో ఎవరిని సిగ్గుపరిచాం, ఎవరి దాహం చూడలేదు అని అడిగి చెప్పండి. చావింటికి వెళ్ళినప్పుడు మాత్రం మైకు పట్టుకోకముందు ఆ ఇంటివాళ్ళ పక్కన కాసేపు నేలమీద కూర్చోండి. వాళ్ళు మాట్లాడితే వినండి. పోయినవాడి పేరు గౌరవంగా పలికి, దేవునికి స్తోత్రం చెప్పి, రేపటి అన్నానికి బియ్యం ఉన్నాయో లేదో కనుక్కుని రండి.